ఒకే గాలి, మూడు గోడలు

మా ఓరుగల్లు వాళ్ళకు కోట అంటే యేమిటో చెప్పనక్కరలేదు. లోపల రాతిగోడ, దాని చుట్టూ కందకం, యింకా వెలుపల మట్టిగోడ. వూరు ఒకటే అయినా కాకతీయులు అందరినీ ఒకే వాకిట్లో కూర్చోబెట్టలేదు. వైఫై పెట్టేవారికీ అంతపాటి బుద్ధి కావాలని మొన్న నాకు తెలిసివచ్చింది.

మా వదినను హనుమకొండలో ఒక చిన్న ఆసుపత్రిలో చేర్చాము. తోడు కూర్చున్న నేను అక్కడి వైఫై పాస్‌వర్డు అడిగి పుచ్చుకుని, యీ శీర్షికకు రాసుకున్న చిత్తుప్రతిని ఫోనులోంచి అచ్చు తీద్దామని, కనబడిన ప్రింటరు పేరు నొక్కాను. కాసేపటికి రక్తపరీక్షల గదిలోని అమ్మాయి పరుగున వచ్చి, "యీ కాగితాలు మీవేనాండీ? రిపోర్టుల మధ్య వచ్చాయి" అంది. అందరూ నవ్వారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. బయటివాడి కాగితం లోపలికి పోయినప్పుడు, లోపలి కాగితం బయటికి రావడానికి యెంతసేపు?

సమయానికి మా మేనల్లుడు వాళ్ళత్తను చూడవచ్చాడు. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన మన యింజనీరింగు కాలేజీలో, అంటే యిప్పటి ఎన్.ఐ.టి.లో, చదివి యీ పనే చేస్తున్నవాడు. చూడగానే, "ఒకే పేరు, ఒకే తాళంచెవి. సంతలెక్క ఉన్నది మామా" అన్నాడు.

మర్నాడు డాక్టరుగారి మాటమీద పనికి కూర్చున్నాడు. యాక్సెస్ పాయింట్లు అవే. పేర్లు మాత్రం మూడు: ఆఫీసుకొకటి, పరీక్షల గదికొకటి, వచ్చిపోయేవారికొకటి. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వీ-లాన్ సంఖ్య: 10, 20, 30. తీగమీదికి వెళ్ళే ప్రతి మూటకూ నాలుగు బైట్ల చీటీ అంటించి, అందులో ఆ సంఖ్య వేస్తారట. అందుచేత ఒకే తీగమీద ముగ్గురూ ప్రయాణం చేసినా కలిసిపోరు. తీగ అవతలి కొసనున్న స్విచ్చికి కూడా ఆ మూడు సంఖ్యలూ చెప్పాలి సుమా! ఒకటి మరిస్తే, ఫోనులో వైఫై పేరు కనబడుతుంది గాని, చిరునామా దొరక్క వూరికే తిరుగుతుంది.

"యింతేనా?" అన్నాను.

"గోడ కడితే అయిపాయెనా మామా? దర్వాజ కాడ కావలి ఉండాలె" అని, 30 నుంచి 10కీ 20కీ దారి మూసేటట్లు రౌటరులో నిబంధన రాశాడు.

యిక యాంటెన్నాల సంగతి. చివరి గదులకు అందటంలేదని యెవరో పెట్టెను గోడకు తగిలించి, శక్తి పూర్తిగా పెంచారు. "మనం అరిస్తే ఫోనుకు వినబడుతది, దాని సన్నగొంతు మనకు వినబడొద్దా?" అంటూ, కప్పుకు అమర్చవలసిన ఆ పెట్టెను కప్పుకే బిగించి, శక్తి తగ్గించాడు. పొడుగాటి వసారా కొసకు మాత్రం ఒకవైపే చూసే యాంటెన్నా పెట్టాడు. అది టార్చిలైటు అద్దంలాంటిది. వెలుగును పెంచదు, ఒకవైపుకు పోగుచేస్తుంది. వినడంలోనూ దానికి అంతే పదును. ఆ పదునెంతో అమరికలో అంకె వేసి చెప్పాలి. లేకుంటే శక్తి చట్టం పెట్టిన హద్దు దాటిపోవచ్చు.

చివరికి, "యేదీ, మళ్ళీ అచ్చెయ్యి మామా" అన్నాడు. యెంత వెతికినా ప్రింటరు కనబడలేదు. నా రచన అచ్చుకాకపోతే సంతోషించడం నాకదే మొదటిసారి!