యంత్రమునకు ముందు యజమాని

క్రొత్త వస్తువు ఇంటికి వచ్చినపుడు దానికి తగిన చోటు చూపుట గృహస్థుని పని. చోటు చూపక గుమ్మములోనే దింపినచో, అది ఎంత విలువగలదైనను ఇంటిల్లిపాది కాళ్లకు అడ్డుపడుటకే పనికివచ్చును. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ జనసామాన్యమునకు అందుబాటులోనికి వచ్చిన నాటినుండి, వ్యాపారసంస్థలలో కృత్రిమ మేధకు పట్టిన గతి పలుచోట్ల ఇట్లే యున్నది. ధనము వెచ్చించి యంత్రమును తెచ్చుచున్నారు. లాభములు చేతికి రాకమునుపే ప్రకటనలు చేయుచున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు ఆరునెలలు గడచిన పిమ్మట, ఫలము కానరాలేదని సిబ్బందిపై విసుగుకొనుచున్నారు. ఉద్యోగులు పాత అలవాట్లను వదలుట లేదని యాజమాన్యముల వాదము. అయితే మొదట మారవలసినవారు ఉద్యోగులేనా?

ఈ ప్రశ్న నేటిది కాదు. ఎడిసన్ 1882లో న్యూయార్కు నగరమున పెర్ల్ వీథి విద్యుత్కేంద్రమును నెలకొల్పెను. నాటి అమెరికా కర్మాగారములలో ఒక పెద్ద ఆవిరియంత్రము, దానివలన కప్పు పొడవునను తిరుగు ఇనుపకడ్డీ, ఆ కడ్డీనుండి ఒక్కొక్క యంత్రమునకు దిగు తోలుపట్టీలు ఉండెడివి. విద్యుచ్ఛక్తి వచ్చినపుడు యజమానులలో పెక్కుమంది ఆవిరియంత్రమును తీసివేసి, దాని స్థానమున ఒక పెద్ద మోటారును నిలిపి, అంతటితో పని ముగిసినదని తలచిరి. కడ్డీ అదియే, పట్టీలు అవియే, మనుష్యులు నిలుచు తావులును అవియే. కావున లాభము కొలదిగనే కలిగినది. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క చిన్న మోటారు నమర్చి, పని సాగు క్రమమును బట్టి కర్మాగారమును తిరిగి తీర్చిదిద్దుకొనిన పిమ్మట, అనగా 1920వ దశకమునగాని ఉత్పాదకత ఎగసి రాలేదు. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో ఈ వృత్తాంతమునే ఎత్తిచూపి, కంప్యూటర్ల ఫలము ఆలస్యమగుటకు కారణమును వివరించెను. మోటారు కొనుటకు ఒక దినము చాలును. కడ్డీని దింపుటకు నలుబది యేండ్లు పట్టినది.

ఇనుపకడ్డీ కంటికి కనబడునది గనుక దానిని దింపుట ఒక విధముగ సులభమే. మనస్సులలో తిరుగుచుండు కడ్డీ మాటయేమి? కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంట్ అను ఊరిలో జనరల్ మోటార్స్ సంస్థకు ఒక కార్ల కర్మాగారముండెడిది. పనికి రాని కార్మికులు, నాసిరకపు కార్లు, నిత్యకలహములు దానికి అపకీర్తి తెచ్చినవి. 1982లో దానిని మూసివేసిరి. 1984లో జపానునకు చెందిన టయోటా సంస్థతో కలిసి తిరిగి తెరచిరి. తీసికొనిన కార్మికులలో అత్యధికులు పాతవారే, కార్మికసంఘమును పాతదియే. మారినది నిర్వాహకుల పద్ధతి. కారునందు దోషము కనబడినచో ఏ కార్మికుడైనను త్రాడు లాగి వరుసను నిలుపవచ్చును. నిలిపినవానిని గద్దింపక, పైవాడు పరుగున వచ్చి దోషమెక్కడనున్నదో అడిగి తెలిసికొనును. కొలదికాలములోనే అచటి కార్లు జనరల్ మోటార్స్ తయారుచేయు కార్లలో మేలైనవాని సరసన నిలిచినవి. ఆ దశకముననే ఆ సంస్థ తన ఇతర కర్మాగారములలో మరమనుషులకై అపారధనము వెచ్చించినది గాని, అంతటి ఫలమును పొందలేకపోయినది. ఊరు అదే, మనుష్యులు వారే. భేదము వారిని నడపినవారిలో నున్నది.

కృత్రిమ మేధ విషయమున ఈ పాఠము మరింత ముఖ్యము. మోటారు చెడినచో ఆగిపోవును. చెడినదని అందరికిని తెలియును. కృత్రిమ మేధ తప్పు చెప్పునపుడు సైతము తడబడదు. ఒప్పు చెప్పినంత ధీమాగనే, చక్కని వాక్యములలో చెప్పును. ఆ తప్పును మొదట పట్టగలవాడు అధ్యక్షుడు కాడు, ప్రతిదినము ఆ పనిలో మునిగియుండు చిన్న ఉద్యోగి. యంత్రము ఘనవిజయమని అధ్యక్షుడు సభలో చాటిన మరునాడు, అది తప్పు చెప్పుచున్నదని పలుకుటకు ఆ చిన్న ఉద్యోగికి నోరెట్లు వచ్చును? ఎయిర్ కెనడా విమానసంస్థ అనుభవము ఇందుకొక హెచ్చరిక. ఆప్తుని మరణమువలన ప్రయాణము చేయవలసివచ్చిన ఒక వ్యక్తికి, ప్రయాణానంతరము కోరినను రాయితీ లభించునని ఆ సంస్థ సంభాషణయంత్రము చెప్పినది. సంస్థ నిబంధన అది కాదు. రాయితీ నిరాకరింపబడగా వివాదము బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర న్యాయమండలికి చేరినది. యంత్రము మాటలకు యంత్రమే బాధ్యత వహించునన్నట్లు సంస్థ వాదించెను. 2024 ఫిబ్రవరిలో మండలి ఆ వాదమును త్రోసిపుచ్చి, పరిహారము చెల్లింపుమని తీర్పు చెప్పెను. యంత్రము చేసిన తప్పు ఎవరిదను ప్రశ్నకు సంస్థ ముందే సమాధానము చెప్పుకొననిచో, న్యాయపీఠము చెప్పవలసివచ్చును.

దీనికన్న లోతైనది భయము. భారతదేశమున అతి పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థయైన టి.సి.ఎస్. తన సిబ్బందిలో సుమారు 2 శాతమును, అనగా 12 వేలమందికి పైగా తగ్గింతునని 2025 జూలైలో ప్రకటించెను. కృత్రిమ మేధ అందుకు కారణము కాదని సంస్థ అధిపతి చెప్పెను. అయినను ఆ వార్త చదివిన మాదాపురపు ఉద్యోగికిగాని, అతని చదువుకై పొలమమ్ముకొని గ్రామమున కూర్చున్న తండ్రికిగాని ఆ మాట ఎంతవరకు ఊరట నీయగలదు? రెండు దినముల పనిని కృత్రిమ మేధ తోడ్పాటుతో ఒక్కపూటలో ముగించిన ఉద్యోగి ఆ సంగతి పైవారికి చెప్పునా? చెప్పినచో వచ్చు నెలలో తన ప్రక్క కుర్చీ ఖాళీయగునేమో, ఆపై తనదియు ఖాళీయగునేమో అని తలచును. కూర్చున్న కొమ్మను నరుకుకొను వెర్రివాడెవడును ఉండడు. కావున ఉపాయమును తనలోనే దాచుకొనును. సంస్థ కోట్లు వెచ్చించి వెదకుచున్న జ్ఞానము ఆ విధముగ సంస్థ గదులలోనే మరుగుపడియుండును. దీనిని సోమరితనమనుట అన్యాయము, ఇది ఆత్మరక్షణ.

పోటీదారుడు ఆగడు, లోకము ఆగదు, ఉద్యోగములకు శాశ్వతాభయ మిచ్చుట ఎవరి తరమని యజమానులు అడుగవచ్చును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఈయలేని అభయమును ఈయుట మోసమే యగును. కాని ఈయదగినవి కొన్ని కలవు. ఏ పనులు మారునో, ఏవి పోవునో ముందుగ నిజము చెప్పవచ్చును. క్రొత్తవిద్య నేర్చుటకు రాత్రులు కాక పనివేళలే కేటాయింపవచ్చును. మిగిలిన కాలమువలన కలిగిన లాభములో పాలు పంచవచ్చును. రైల్వేలు 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషనును ప్రయోగముగ ఆరంభించినవి; 1994లో సికింద్రాబాదున మరింత మెరుగైన ఏర్పాటు అమలైనది. బండి బండికిని వేరుగనుండిన లావుపాటి దస్త్రములు పోయినవి, గుమాస్తా కిటికీ వెనుకనే మిగిలెను. ఒకే కిటికీయొద్ద ఏ బండికైనను టిక్కెట్టు నీయగల స్తోమత అతనికి కలిగినది. యంత్రముతోపాటు పని తీరును మారినది గనుకనే ప్రయాణికునికి మేలు కలిగినది.

యథా రాజా తథా ప్రజా అని పెద్దల మాట. తాను ఒక్కనాడును ఆ యంత్రముతో పని చేసి చూడక, దాని పొరపాటును తన కన్నులతో చూడక, క్రిందివారిని మారుడనుట నాయకత్వము కాదు. సంస్థ సంస్కృతి అనునది గోడకు తగిలించు నినాదము కాదు. తప్పు చెప్పినవానికి మరునాడు జరుగు మర్యాదయే అది. నిండుసభలో ఒక చిన్న ఉద్యోగి లేచి, ఈ యంత్రము చెప్పిన లెక్క సరికాదని పలుకగా, అధ్యక్షుడు ముఖము చిట్లింపక, ‘ఏదీ, చూపించండి’ అని కుర్చీ ముందునకు జరుపుకొనిన నాడు, ఆ సంస్థలోనికి కృత్రిమ మేధ నిజముగ అడుగిడినదనవచ్చును. అంతవరకు అది గుమ్మములోనే యుండును.