మరణాసన్నుల శుశ్రూషాలయములు

వ్యాధి కుదురుటకు వీలులేనిదని నిర్ణయమైన పిమ్మట రోగికి ఆసుపత్రిలో మంచము దొరకదు. "ఇక మేము చేయదగినది లేదు, ఇంటికి తీసికొనిపొండు" అని వైద్యుడు చెప్పును. ఇంట నేమున్నది? రెండు గదుల కొంప, పనికి పోకున్న పూట గడవని కొడుకు, తానే వ్యాధిగ్రస్తురాలైన ఇల్లాలు. కాన్సరు ఎముకలకు ప్రాకినవాడు రాత్రియెల్ల కేకలు వేయుచుండ, ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనుటయు, ఇంటివారు దైవమును ప్రార్థించుటయు తప్ప వేరు గతి లేదు. ఈ దుస్థితి నెరిగినవారు కొందరు పూనుకొని అంత్యశుశ్రూషాలయములను స్థాపించుచున్నారు. వీనినే హాస్పిస్‌ లందురు. మన దేశమున మొదటిది 1986లో బొంబాయియందు శాంతి అవేదన యను పేర వెలసినది. హైదరాబాదునందు రోటరీవారి స్పర్శ్ హాస్పిస్ 2011లో మొదలై ఉచితముగా సేవ చేయుచున్నది. ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమనచికిత్సకు ప్రత్యేక విభాగమే కలదు. ధర్మమునకు నడుచునవియు, రుసుము గొనునవియు నింకను బయలుదేరుచున్నవి.

ఇవి వృద్ధిచెందుట సంతోషకరమే. కాని వీనిలో నేది మంచిది, ఏది కాదు అని తేల్చుట యెట్లు? తక్కిన విషయములలో నీ చిక్కు లేదు. బడి చెడ్డదైనచో పిల్లవానిని మాన్పించి వేరొక బడిలో వేయవచ్చును. ఆసుపత్రిలో చికిత్స చెడినచో బ్రతికి బయటపడిన రోగి నలుగురితో చెప్పుకొనును. ఇచ్చట చేరినవాడు తిరిగి వచ్చి సాక్ష్యమీయడు. వాని బంధువులకా, ఇది మొదటి యనుభవము. పోల్చి చూచుకొనుటకు రెండవది యుండదు. రోగి నరకయాతన పడి పోయినను "వాని ప్రారబ్ధ మంతే" యని సరిపెట్టుకొందురు. ఉచితముగా నుంచుకొన్నవారిపై నింద మోపుట కృతఘ్నత యని వెనుదీయుదురు. దానధర్మములతో నడచుదానిని పరీక్షింపవచ్చునా యని శంకించువారును కలరు. తప్పక పరీక్షింపవలె ననియే మా యభిప్రాయము. దాత యిచ్చినది ధనము; రోగి యప్పగించినది తన కడపటి దినములు.

చూడబోయినవారు సాధారణముగా దేనిని చూచి మెచ్చుకొందురు? పాలరాతి నేల, పూలతోట, దాతల పేర్లు చెక్కిన ఫలకములు, సాయంకాలపు భజన. ఇవి యుండుట తప్పు కాదు. కాని తోటలో విహరించునది సందర్శకులు; మంచమునుండి లేవలేనివానికి కనబడునది పైకప్పు మాత్రమే. మేమైనచో మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: "ఈ దినమున మీ బీరువాలో, నోటితో మ్రింగు మార్ఫీను ఉన్నదా?" ఉన్నదన్నచో మాట సాగింపవచ్చును. లేదన్నచో ఆ సంస్థ సత్రము కావచ్చును, ఆశ్రమము కావచ్చును. శుశ్రూషాలయము మాత్రము కాదు.

ఈ మాట కఠినముగా దోపవచ్చును. కారణము చెప్పెదము. ఆధునిక అంత్యశుశ్రూషకు మూలపురుషు లెవ్వరనగా, పురుషులు కారు, ఇంగ్లండు దేశపు సిసిలీ సాండర్స్ అను నామె. మొదట నర్సుగాను, పిదప ఆసుపత్రి సాంఘిక సేవకురాలిగాను పనిచేసి, అటుపై వైద్యవిద్య నభ్యసించి, 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పినది. ఆమె యనుష్ఠించిన సూత్రము మిక్కిలి సులభమైనది. బాధ పుట్టినపిమ్మట మందిచ్చుట కాదు. పుట్టకముందే, గడియారము ననుసరించి, నాలుగు గంటల కొకసారి ఇయ్యవలెను. అప్పుడు రోగి మందుకొరకు యాచింప నక్కరలేదు, నర్సు నిరాకరింప నక్కరలేదు. బాధ యనగా దేహబాధ యొక్కటియే కాదనియు, భయము, అప్పులు, పిల్లల చింత, దైవముతోడి తగవు అన్నియు కలిసి యొక్కటే సంపూర్ణవేదన యగుననియు ఆమెయే బోధించినది. ప్రపంచారోగ్యసంస్థ వారు 1986లో ప్రకటించిన మూడు మెట్ల పద్ధతియందు గూడ పై మెట్టు మార్ఫీనే.

మార్ఫీను ఉన్నంతమాత్రమున చాలదు. దాని నియ్య నేర్చిరా లేదా యని చూడవలెను. ఇందులకు వైద్యుడు కానివాడు సైత మడుగదగిన ప్రశ్నలున్నవి. మార్ఫీను పుచ్చుకొనువానికి మలబద్ధకము దాదాపు తప్పదు. కావున దానితోపాటు విరేచనపు మందు వ్రాయుట మరచు వైద్యుడు ఈ విద్య నింకను నేర్వవలసియున్నదని నిశ్చయింపవచ్చును. నడుమ బాధ పొటమరించినచో ఇయ్యవలసిన అదనపు మోతాదెంతయో ముందుగనే వ్రాసియుంచవలెను. బాధ యెంతయని రోగి చెప్పినది, సున్న మొదలు పదివరకు, జ్వరపు చీటివలె దినదినము ఎక్కించుచుండవలెను. ఆ చీటిని చూపుమనుటకు బంధువు లేల సంకోచింపవలెను? మార్ఫీను మొదలిడినతోడనే ప్రాణము పోవునను భయము, వ్యసనమగునను భయము మన వైద్యులలోనే పాతుకొని యున్నవి. తగిన మోతాదుతో నారంభించి, రోగిని గమనించుచు క్రమముగా హెచ్చించిన మార్ఫీను మరణమును త్వరపెట్టదు. నిద్ర లేని వాని కొక రాత్రి నిద్ర నిచ్చును.

ఇచ్చట నొక సిగ్గుమాలిన సంగతిని చెప్పకతప్పదు. మార్ఫీను నల్లమందునుండి పుట్టును. ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండించు దేశములలో మనది ముఖ్యమైనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండించిన దానిని గాజీపూరు, నీమచ్ కర్మాగారములు శుద్ధిచేయుచున్నవి. ఆ సరకు అమెరికా, జపాను మొదలగు దేశములకు ఎగుమతియైనది. మన పొలమున పుట్టినది పరదేశపు రోగి బాధను మాన్పుచుండ, మన రోగికి మాత్రము దక్కలేదు. 1985 నాటి మాదకద్రవ్య చట్టము దొంగవ్యాపారులను పట్టుటకు పుట్టినదే కాని, పెక్కు శాఖల లైసెన్సులును, చిన్న పొరపాటునకు కారాగారవాస భయమును కలిగించి, దుకాణదారులను వైద్యులను బెదరగొట్టినది. వైద్యమునకు వినియోగమగు మార్ఫీను అటుపిమ్మట మిక్కిలి పడిపోయినది. 2014లో చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు రాష్ట్రపు ఔషధాధికారి యొక్కని యనుమతియే చాలునని విధించిరి. అయినను 2017లో లాన్సెట్ కమీషనువారు లెక్కకట్టగా, మన దేశమున కవసరమైన బాధాహరమందులలో 4 శాతము మాత్రమే లభించుచున్నవని తేలినది. చట్టము మారి యేండ్లు గడచినపిమ్మట గూడ "లైసెన్సు లేదండీ" యను సంస్థను క్షమింపరాదు. అడిగిననాడే లైసెన్సు రాకపోవచ్చును. అడుగనేలేదన్నచో దోషము ప్రభుత్వముది కాదు.

రెండవ పరీక్ష రాత్రి రెండు గంటలకు జరుగవలెను. పగటిపూట అన్ని సంస్థలును మంచివే. ఊపిరాడకపోవుట, మతి భ్రమించి మంచము దిగబోవుట, పుండునుండి రక్తము చిమ్ముట, గొంతులో గురక పుట్టుట, ఇవి రాత్రివేళ యని ఆగవు. అప్పుడు టెలిఫోను నెత్తువాడెవ్వడు? ఎత్తినవాడు రోగిని ఎరిగినవాడా, కావలివాడా? ఇంటియొద్ద నుంచి శుశ్రూష చేయించు సంస్థ యైనచో, అట్టి ఘడియకు వలయు మందులను ముందే ఇంట నుంచి, ఎట్లు వాడవలెనో ఇల్లాలికి నేర్పినదా? వైద్యుడు వచ్చువరకు నర్సు తనంతట తాను ఈయదగిన మందులకు వ్రాతపూర్వకమైన యాజ్ఞలున్నవా? రాత్రి యెందరు రోగులకు ఒక నర్సు? "అట్లయినచో ఆంబులెన్సు పిలిచి పెద్దాసుపత్రికి పంపుదుము" అని చెప్పువారు చాలమంది. ఏ మరణమునుండి తప్పించుటకు రోగి నిచ్చటికి తెచ్చిరో, కడపటి గంటలో గొట్టములనడుమ నా మరణమునకే యప్పగించుట శుశ్రూష యనబడునా?

పరీక్ష లేకయే సొమ్ము ప్రవహించిన నేమగునో చూడగోరువారు అమెరికాను చూడవచ్చును. అచ్చట 1982 నాటి శాసనముచే మెడికేర్ అను వృద్ధుల ఆరోగ్యభీమాయందు అంత్యశుశ్రూష చేరినది. ఆయువు ఆరునెలలకు మించదని వైద్యులు ధ్రువపరచిన రోగికి, దినమున కింతయని సంస్థకు చెల్లింతురు. నర్సు పోయిన దినమునకును పోని దినమునకును చెల్లింపు కలదు. ఉద్దేశము మంచిదే. కాని వర్తకులు త్వరలోనే సూక్ష్మమును గ్రహించిరి: ఎక్కువకాలము బ్రతుకువానిని, తక్కువ పని పెట్టువానిని చేర్చుకొన్నచో లాభము! 2019లో అచ్చటి ఆరోగ్యశాఖ తనిఖీ కార్యాలయము ప్రకటించిన నివేదికలో, 2012 మొదలు 2016 వరకు పరీక్షించిన శుశ్రూషాలయములలో నూటికి 80కి పైగా ఏదో యొక లోపము గలవని వెల్లడియైనది. 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటరు, లాస్ ఏంజెలెస్ కౌంటీలో వీని సంఖ్య 2010 నుండి 1500 శాతము పెరిగినదనియు, అందు మోసపు ఛాయలు కనబడుచున్నవనియు చెప్పెను. చచ్చువారు పదిహేనురెట్లు పెరిగిరా? రేపు మన భీమా కంపెనీలును, ప్రభుత్వ పథకములును ఈ సేవకు సొమ్మియ్య మొదలిడినచో ఇట్టి చిత్రములు హైదరాబాదులోను విజయవాడలోను జరుగవని యెవ్వరు పూచీపడగలరు?

అయినను ఆ దేశమునుండియే నేర్వదగిన మంచి పని యొకటి కలదు. 2015 నుండి అచ్చట రోగి మరణించిన కొన్నినెలలకు వాని బంధువునకు ప్రశ్నపత్రమును పంపుచున్నారు. సాయము కోరినపుడు సకాలమున వచ్చిరా, బాధకు తగినంత మందిచ్చిరా, గౌరవముతో చూచిరా, మీకు శుశ్రూష నేర్పిరా యని యడిగి, ఆ యుత్తరముల సారమును సంస్థపేరుతో ప్రకటించుచున్నారు. చచ్చినవాడు సాక్ష్యమీయలేడను చిక్కునకు ఇంతకంటె మంచి యుపాయము మాకు కనబడుట లేదు.

మన దేశమునే చూడగోరువారికి కేరళము కలదు. కోళిక్కోడునందు 1993లో కొందరు వైద్యులును మిత్రులును స్థాపించిన ఉపశమనచికిత్సా సంఘము క్రమముగా ఊరూర శాఖలై, పొరుగువారే స్వచ్ఛందసేవకులై, నర్సు ఇంటింటికి పోవు నుద్యమముగా పెరిగినది. 2008లో ఆ రాష్ట్రము ఉపశమనచికిత్సకు ప్రత్యేకవిధానము ప్రకటించినది. భారతమున నట్లు చేసిన మొదటి రాష్ట్ర మదియే. అచ్చటి శుశ్రూష మేలుగా నుండుటకు ఒక కారణము, పరీక్షకుడు వీధిలోనే యుండుట. నర్సు ఈ వారము రాలేదని పొరుగువాడెరుగును. మనయందు ముసలివారు కాశికి పోయి ప్రాణములు విడువగోరు ఆచార ముండెను. 1958 నుండి అచ్చట ముక్తిభవనమను సత్రము మరణాసన్నులకు చోటిచ్చుచున్నది. అది మోక్షముకొరకు; మందు కొరకు కాదు. దానిని నిందింపము. కాని కాశీని చూపి కాన్సరు బాధకు సమాధానము చెప్పుకొనువారిని మాత్రము ఒప్పుకొనజాలము.

చిన్నవిగా కనబడు విషయములు మరికొన్ని యున్నవి. సంస్థ స్వభావము వీనియందే బయటపడును. రోగి నోరు తడియారకుండ తుడుచుచున్నారా? వీపు పుండ్లు పడకుండ ప్రక్కకు త్రిప్పుచున్నారా? దుర్వాసన గల పుండుపై మెట్రోనిడజోల్ మాత్రను నూరి చల్లిన వాసన చాలవరకు తగ్గునని తెలియునా, లేక అట్టి రోగిని మూలగదిలోనికి నెట్టుచున్నారా? తోడెవ్వరును లేని బీదవానిని చేర్చుకొందురా? రోగి మతము వేరైనచో వాని ప్రార్థన వానిది కానిత్తురా? నిజము నడిగినవానికి నిజము చెప్పుదురా? కృత్రిమపు శ్వాసయంత్రములు నాకు వలదని ముందే వ్రాసియిచ్చు హక్కును సుప్రీముకోర్టువారు 2018లో అంగీకరించి, 2023లో ఆ పద్ధతిని సులభ మొనర్చిరి. ఆ పత్రమును గూర్చి యడిగినపుడు మేనేజరు తెల్లబోవుచున్నాడా?

ఉపశమనచికిత్సారంగమున పనిచేయువారు 2014లోనే మన దేశమునకు తగిన కనీస ప్రమాణముల పట్టిక నొకదానిని రచించి ప్రకటించిరి. అయితే అది తన్ను తాను పరీక్షించుకొనుటకు. మంచి సంస్థ తన్ను పరీక్షించుకొనును. చెడ్డ సంస్థ ఆ కాగితమునే చూడదు. కావున ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు రెండును చేయవలసిన పని స్పష్టముగ నున్నది. శుశ్రూషాలయమునకు అనుమతి నిచ్చునపుడును, దానిని పొడిగించునపుడును, మార్ఫీను నిలువ పుస్తకమును, బాధ చీటీలను, రాత్రి నర్సుల సంఖ్యను, రాత్రి వచ్చిన పిలుపులకు ఎంతసేపటికి పోయిరను లెక్కను చూపుమని కోరవలెను. తనిఖీ ముందుగ తెలిపి పగలు పోవునది కారాదు. రోగి మరణించిన రెండు మూడు నెలలకు బంధువులకు ప్రశ్నపత్రమును సంస్థవారు కాక జిల్లా వైద్యాధికారియే పంపవలెను. చదువురానివారిని ఆశా కార్యకర్త పోయి యడిగి వ్రాసికొనవలెను. వచ్చిన యుత్తరముల సారమును ఏటేట సంస్థపేరుతో, ఆంగ్లమునగాక తెలుగున, జిల్లా ఆసుపత్రి గోడపై కాన్సరు రోగుల బంధువులు నిలుచు వరుసకు ఎదురుగా అంటింపవలెను.