దూరపు పిట్టకు ఏ లెన్సు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి వ్యాసర్‌పాడి నుంచి. రాసినావిడ పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలో సారాంశం ఇది: ‘మా వాడికి ఇరవై మూడేళ్ళు. పెళ్ళి ఫోటోలు తీసే ఒకాయన దగ్గర అసిస్టెంటుగా ఉన్నాడు. ఆదివారం వస్తే తెల్లారకముందే పిట్టల ఫోటోలని పళ్ళికరణై పోతాడు. ఇప్పుడు లక్షన్నర పెట్టి ఏదో లెన్సు కొనాలంటాడు. నా గాజులు బ్యాంకులో పెడితే ఆ డబ్బు వస్తుందట. వాళ్ళ నాన్న పీఎఫ్ డబ్బులో మిగిలింది పిల్ల పెళ్ళికని ఉంది, దాన్ని ముట్టను. గాజులు పెట్టమంటారా, వద్దంటారా?’

అమ్మా, దీనికి ఒక్కమాటలో అవునని గానీ కాదని గానీ చెప్పడం కుదరదు. ముందు ఆ లెన్సు ఏమిటో, అంత ధర ఎందుకో మీకు తెలియాలి. అది మీకు ఎంత పనిచేస్తుందో మీ అబ్బాయి తెలుసుకోవాలి. ఇద్దరూ కలిసి చదువుకునేలా రాస్తున్నాను.

అబ్బాయి అడుగుతున్నది 70-200 ఎఫ్ 2.8 లెన్సు అని ఉత్తరంలో రాశారు. 70-200 అంటే ఆ లెన్సు దూరాన్ని ఎంత దగ్గరగా లాగుతుందో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ పిట్ట పెద్దదిగా కనబడుతుంది. రెండో అంకె, ఆ 2.8, లెన్సు లోపలి కన్ను ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెబుతుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దది, వెలుతురు ఎక్కువ.

మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. వీవింగ్ షెడ్డుల కప్పు చాలాచోట్ల రంపపు పళ్ళలా ఉండేది కదా, ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు. నేరుగా ఎండ పడకుండా పొద్దంతా ఒకే తీరు వెలుతురు రావాలని ఆ ఏర్పాటు. ఆ అద్దాలు సగం మూసేస్తే తెగిన పోగు కనబడక మగ్గం ఆపాల్సి వచ్చేది. కెమెరా కూడా అంతే. కన్ను చిన్నదైతే వెలుతురు కూడబెట్టడానికి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా పిట్ట రెక్క కదిలిపోతుంది, ఫోటో అలుక్కుపోతుంది.

లెక్కగా చెబుతాను. ఎఫ్ 2.8తో పోలిస్తే ఎఫ్ 4లో వెలుతురు సగం. ఎఫ్ 5.6లో నాలుగో వంతు. ఎఫ్ 6.3లో అయిదో వంతు. తెల్లవారుజామున పళ్ళికరణైలో ఎఫ్ 2.8 లెన్సుతో, ఐఎస్ఓ 800 పెట్టి, సెకనులో వెయ్యోవంతు షట్టర్‌తో ఒక ఫోటో వచ్చిందనుకోండి. అదే వెలుతురులో, అదే వేగంతో ఎఫ్ 5.6 లెన్సుకు ఐఎస్ఓ 3200 కావాలి, ఎఫ్ 6.3కు 4000 కావాలి. ఐఎస్ఓ పెరిగేకొద్దీ ఫోటోలో ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. అందుకే ఎఫ్ 2.8 లెన్సును ‘ఫాస్ట్ లెన్సు’ అంటారు. దానికి అంత ధర కూడా అందుకే. కన్ను పెద్దది కావాలంటే గాజు పెద్దది కావాలి, లోపల మంచి గాజు పలకలు చాలా కావాలి. 400 ఎం.ఎం. ఎఫ్ 2.8 లెన్సు కన్ను 143 మి.మీ. వెడల్పు. దాని కొత్త ధర పది లక్షలు దాటుతుంది. మన ఊళ్ళలో దాన్ని కొనగలిగేవాళ్ళ సంగతి వేరు.

ఇంతవరకూ అబ్బాయి మాట నిజమే. ఇక దుకాణంలో చెప్పని సంగతి ఒకటుంది.

పిట్టల ఫోటోలో మొదటి చిక్కు దూరం, వెలుతురు చిక్కు ఆ తర్వాతే. 200 ఎం.ఎం. లెన్సుతో తీసిన పిట్ట కంటే 600తో తీసినది పొడవులో మూడు రెట్లు, వైశాల్యంలో తొమ్మిది రెట్లు పెద్దగా పడుతుంది. ‘తర్వాత కోసుకుంటాను’ అని అబ్బాయి అనొచ్చు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 200తో తీసి, 600తో తీసినంత దగ్గరగా కోస్తే మిగిలేది సుమారు 2.7 మెగాపిక్సెల్. అది పోస్టుకార్డు సైజు ప్రింటుకు సరిపోతుంది. క్యాలెండరుకు చాలదు, పోటీకి పంపడానికి చాలదు.

ఇంకో మెలిక చూడండి. 200ను 2.8తో భాగిస్తే కన్ను వెడల్పు 71 మి.మీ. 600ను 6.3తో భాగిస్తే 95 మి.మీ. ‘స్లో’ అని పేరుపడ్డ 150-600 లెన్సుకే దూరాన పెద్ద కన్ను! ఎలాగూ కోయాల్సిన దూరపు పిట్ట విషయంలో, ఆ పిట్ట ఒంటి మీది వెలుతురు ఎంత లోపలికి చేరుతుందో ఈ వెడల్పే తేలుస్తుంది. కాబట్టి దూరాన ఉన్న కొంగకు 200 ఎఫ్ 2.8 కంటే 600 ఎఫ్ 6.3యే ఎక్కువ వెలుతురు పోగుచేస్తుంది. 200కు చేరినట్టే ఉన్న పిట్టకు మాత్రం ఎఫ్ 2.8దే పైచేయి.

మరి మన చుట్టుపక్కల పిట్టలు ఎంత దూరాన ఉంటాయి? చోటును బట్టి చెబుతాను.

పళ్ళికరణై: 2022లో రాంసర్ గుర్తింపు వచ్చిన చిత్తడి ఇది. తొరైపాక్కం నుంచి పల్లావరం పోయే రేడియల్ రోడ్డు దాన్ని చీల్చుకుంటూ పోతుంది. రోడ్డు పక్కన నిలబడితే కొన్ని పిట్టలు దగ్గరికే వస్తాయి. కానీ రాజహంసలు, బాతులు నడిమధ్యలో ఉంటాయి. 400కు తక్కువ పనికిరాదు. పొద్దెక్కాక నీళ్ళ మీద గాలి ఆవిరిలా ఆడుతుంది. అప్పుడు ఎంత ఖరీదు లెన్సు పెట్టినా పిట్ట వణికినట్టే కనబడుతుంది. కాబట్టి మొదటి రెండు గంటలే లెక్క.

వేడంతాంగల్: నవంబరు నుంచి మార్చి దాకా. గట్టు మీద నుంచి, టవరు మీద నుంచి చూడాలి. చెరువులో మునిగిన చెట్ల మీద గూళ్ళుంటాయి, వాటి దగ్గరికి పోనివ్వరు, పోకూడదు కూడా. ఆ ఊరి రైతులు పిట్టలను కాపాడుకుంటూ వచ్చింది 18వ శతాబ్దం నుంచే. రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువు కదా. ఇక్కడా పొడవు లెన్సే కావాలి. ఎండ దండిగా ఉంటుంది, ఎఫ్ 6.3 చాలు.

పులికాట్, నేలపట్టు: మన ఆంధ్రా వైపు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కడతాయి. పులికాట్ పడవలో ట్రైపాడ్ పెట్టినా లాభం లేదు, పడవతో పాటు అదీ ఊగుతుంది. చేత్తో పట్టుకునే బరువే కావాలి.

గిండీ పార్కు, ఇంటి పెరడు: చెట్ల నీడ, తక్కువ దూరం. ఎఫ్ 2.8 లెన్సు విలువ ఇక్కడ తెలుస్తుంది. మునగ పువ్వు మీది తేనెపిట్టకైతే దగ్గరి నుంచి ఫోకస్ అయ్యే లెన్సా కాదా అన్నది చూడాలి. రాయపేటలో కెమెరాలు బాగుచేసే శేఖర్ గారు మిద్దె మీద నానబెట్టిన బియ్యం పెడితే వేలకొద్దీ చిలుకలు వచ్చేవి, పత్రికల్లో చూసే ఉంటారు. అంత దగ్గరికి వచ్చే పిట్టకు చేతిలో ఏ లెన్సుంటే అదే చాలు.

ఇక బరువు. 70-200 ఎఫ్ 2.8 సుమారు కిలోన్నర. టామ్రాన్, సిగ్మా 150-600 లెన్సుల్లో తేలికవి దాదాపు రెండు కిలోలు. నికాన్ 200-500 ఎఫ్ 5.6 రెండుంపావుకు కాస్త పైన. సిగ్మా 120-300 ఎఫ్ 2.8 మూడు కిలోలు దాటుతుంది. బస్సులో వెళ్ళి, మూడు గంటలు నిలబడి, మళ్ళీ బస్సులో వచ్చే కుర్రాడికి ఈ తేడా భుజానికి తెలుస్తుంది.

70-200కు వెనక టెలికన్వర్టర్ తగిలించుకోవచ్చు. 1.4 రెట్లది పెడితే 280 ఎఫ్ 4 అవుతుంది, రెండు రెట్లది పెడితే 400 ఎఫ్ 5.6. మొదటిది ఫరవాలేదు. రెండోదానితో ఫోకస్ నెమ్మదిస్తుంది, అంచుల్లో పదును తగ్గుతుంది. ఎగిరే పిట్టకు కష్టం. చేతి వణుకును ఆపే వీఆర్, ఐఎస్, వీసీ అనే ఏర్పాటు గురించి కూడా ఒక మాట. అది ఆపేది మన చేతి వణుకునే, రెక్క కదలికను కాదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే సగం చింత తగ్గుతుంది, జాగ్రత్త రెట్టింపవ్వాలి. బర్మా బజారులో కొన్నా, తెలిసినవాళ్ళ దగ్గర కొన్నా ఇవి చూడండి. చీకట్లో టార్చి వేసి లెన్సు లోపలికి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్, వదిలేయండి. జూమ్ రింగు ఆ చివర నుంచి ఈ చివర దాకా గరగర లేకుండా తిరగాలి. రెండు చివరలా ఫోకస్ పట్టాలి. కెమెరాకు తగిలించే ఇత్తడి రింగు స్క్రూలు గీకి ఉంటే ఎవరో విప్పారన్నమాట. బిల్లు అడగండి. బిల్లులేని కొత్త లెన్సుకు కంపెనీ వారంటీ ఉండదు. నికాన్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒకటి: పాత 80-200 ఎఫ్ 2.8 డి లెన్సు చౌకగా దొరుకుతుంది, చాలా మంచిది. కానీ డి3000, డి5000 వరస కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు. వాటి మీద ఆ లెన్సు దానంతటది ఫోకస్ కాదు, చేత్తో తిప్పాలి.

కొన్నాక దాచడం. వీవింగ్ షెడ్డులో గాలిలో తేమ 75, 80 శాతం ఉండేలా చూసేవాళ్ళు, పొడి గాలికి నూలు తెగుతుందని. నూలుకు మేలు చేసే ఆ తేమే లెన్సుకు చేటు. మన చెన్నైలో బీరువాలో తోలు సంచిలో పెడితే రెండు వానాకాలాల్లో ఫంగస్ పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఓ చిన్న తేమ మీటరు చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే ఆరబెట్టి మళ్ళీ పెట్టండి.

సామాను గురించి ఇంత చెప్పాక ఒక మనిషి గురించి కూడా చెప్పాలి. మైలాపూరులో ఉండిన ఎం. కృష్ణన్ గారు 1950 నుంచి 1996లో పోయేదాకా ‘ది స్టేట్స్‌మన్’ పత్రికలో ‘కంట్రీ నోట్‌బుక్’ అనే శీర్షిక రాశారు. అడవి ఏనుగులనూ పిట్టలనూ నలుపు తెలుపుల్లోనే తీశారు. వేర్వేరు కెమెరాల భాగాలను తనే జతచేసి, దానికి ‘సూపర్ పాండెరోసా’ అని ఓ భారీ పేరు పెట్టుకున్నారు. ఆయన చేతిలోని సరుకు కంటే ఇవాళ మీ అబ్బాయి చేతిలో ఉన్నదే వేగమైనది. ఏ జంతువు ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు, అదే ఆయన ఫోటో.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను.

నాయనా, ముందు నీకు. నువ్వు ఇప్పటిదాకా తీసిన వాటిలో బాగున్న వంద పిట్టల ఫోటోలు తియ్యి. ప్రతి ఫోటో ఫైలులోనే ఎన్ని ఎం.ఎం. దగ్గర తీశావో, షట్టర్ ఎంతో, ఐఎస్ఓ ఎంతో రాసి ఉంటుంది. అన్నీ నీ లెన్సు చివరి అంకె దగ్గరే ఉండి, పిట్ట చిన్నదిగా ఉంటే నీకు కావాల్సింది పొడవు. పిట్ట పెద్దదిగానే ఉండి, అలుక్కుపోయి ఉంటే నీకు కావాల్సింది వెలుతురు. నువ్వు పోయేది ఎక్కువగా పళ్ళికరణై కాబట్టి మొదటిదే అని నా అంచనా. అప్పుడు 70-200 నీకు సరైన లెన్సు కాదు. వాడిన 150-600 చాలు, ధర కూడా తక్కువ.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. కల్యాణ మండపం లోపల, దీపాల వెలుతురులో, మనుషులు కదిలేచోట 70-200 ఎఫ్ 2.8ను మించింది లేదు. అది అన్నం పెట్టే లెన్సు. అయితే ఇంకా అసిస్టెంటుగా ఉన్నావు, పని మీ ఆయనది, లెన్సు కూడా ఆయనదే ఉండాలి. సొంతంగా ముహూర్తాలు ఒప్పుకునే రోజు వచ్చాక కొను. అప్పటిదాకా అవసరమైతే వడపళని, సాలిగ్రామం వైపు రోజు అద్దెకు దొరుకుతుంది. ఒక ఆదివారం 150-600 అద్దెకు తీసుకుని పళ్ళికరణై పోయి చూడు, తర్వాత మాట్లాడు.

అమ్మా, గాజులు పెట్టొద్దు. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా లక్షన్నరకు నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. పిట్టల ఫోటోలు ఆ వడ్డీ కట్టవు. కానీ ‘ఇదంతా దండగ’ అని మాత్రం అనకండి. ఆదివారం తెల్లవారుజామున లేచి చిత్తడి దగ్గరికి పోయే కుర్రాడు మన వీధుల్లో ఎంతమంది? అతని జీతంలో నెలకు రెండు మూడు వేలు పక్కనపెట్టమనండి, మీరూ వీలైనంత వేయండి. వచ్చే ఏటి నవంబరుకు, పిట్టలు తిరిగొచ్చేసరికి, అప్పులేని లెన్సు చేతిలో ఉంటుంది. ఈలోగా ఇప్పుడున్న లెన్సుతోనే పిట్టల అలవాట్లు నేర్చుకోవచ్చు.

ఒక్క షరతు, ఏ లెన్సు కొన్నా సరే. గూటి దగ్గరికి పోవద్దు, పిట్టను లేపడానికి రాయి విసరొద్దు. పొడవు లెన్సు కొనేదే దూరం నుంచి తీయడానికి.

వచ్చే నెల, ఫోన్ కెమెరాతో ఇంట్లో వేడుకల ఫోటోలు తీయడం గురించి కొరుక్కుపేట నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు రాస్తాను. ఉత్తరాలు ఇరవయ్యో తేదీలోగా సంఘం ఆఫీసులో ఇవ్వండి.