బడిపండుగ ఎవరిది?

పసిపిల్లల బడులలో వేడుకలకు నేడు కొదువ లేదు. సంక్రాంతి యనియు, బాలల దినోత్సవమనియు, వార్షికోత్సవమనియు ఏదో యొకటి వచ్చుచునే యుండును. పట్టణములలోని ప్రైవేటు బడులు పెక్కు అద్దె మండపమును, అద్దె దుస్తులను, చెవులు గింగురుమను రికార్డు పాటను సమకూర్చి, మూడేండ్ల శిశువును వేదికపై నిలిపి, తల్లిదండ్రులను సెల్‌ఫోనులతో క్రింది కుర్చీలలో కూర్చుండబెట్టుచున్నవి. ఆ సాయంకాలమున ముచ్చట లేదని నేననను. కాని దుస్తుల అద్దె కట్టలేని తండ్రి, బిడ్డకు జ్వరమని చెప్పి ఆ పూట ఇంటనే ఉంచుకొనుటయు, ప్రక్కప్రక్కనే కూర్చున్న తల్లులు ఒకరి పేరొకరు తెలిసికొనకయే మరలిపోవుటయు చూచినప్పుడు, అట్టి వేడుక బడికి పేరు తెచ్చునే గాని ఎవరిని ఎవరికిని దగ్గర చేయదని చెప్పక తప్పదు.

మూడేండ్ల బిడ్డకు బడి యనగా ఇల్లు విడిచి ఒంటరిగా అడుగుపెట్టు మొదటి పరాయి చోటు. ఆ చోటు తనదని నమ్ముటకు వానికి ఉపన్యాసము లక్కరకు రావు. తన తాత ఆ గుమ్మమునకు మామిడాకులు కట్టుచుండగను, తన తల్లి అక్కడి ఆయాతో కలిసి బియ్యము చెరుగుచు కబుర్లాడుచుండగను కన్నులార చూచెనా, మరునాడు వాడు తల్లి కొంగు విడుచుట సులభమగును. కావున శైశవ విద్యలో వేడుక విలువను వచ్చిన జనమును బట్టి గాక, అందు పనిచేసిన చేతులను బట్టి లెక్కింపవలెనని నా మనవి.

ఈ తలంపు క్రొత్తది కాదు. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపింపగా, ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రములోని బోర్డీ గ్రామమునకు పోయి, బడికి రాలేని నిరుపేద బిడ్డల వాకిళ్ళకే బడిని కొనిపోయినది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము అంగన్వాడీని దేశమంతటికిని పరిచితము గావించెను. 2018లో వచ్చిన పోషణ్ అభియాన్ సీమంతము, అన్నప్రాశనము, బడిలో చేరు వేడుక మున్నగువానిని అంగన్వాడీ కేంద్రములలో సామూహికముగా జరుపు పద్ధతిని విస్తరింపజేసినది. ఇంటి నాలుగు గోడల నడుమ బంధువులకే పరిమితమైన శుభకార్యము ఇట్లు వాడవారందరిది కాదొడగినది.

ఆరు నెలలు నిండిన బిడ్డకు అన్నప్రాశనము చేయునాడు, తొలిచూలు తల్లి పప్పన్నమును నీళ్ళవలె జారుడుగా కలుపగా, నలుగురు బిడ్డలను పెంచిన పొరుగింటి అవ్వ గిన్నె అందుకొని, చెమ్చా వంచినను జారిపోనంత చిక్కగా మెదిపి, చుక్క నెయ్యి వేసి చూపును. గోడకంటించిన పటము నేర్పలేని పాఠమది. ఆ అవ్వ ఏ కులస్థురాలో, ఆ తల్లి ఏ కులస్థురాలో ఆ క్షణమున ఎవరును అడుగరు. తరతరములుగా కలిసి భుజింపని ఇండ్ల బిడ్డలు ఒకే బంతిని కూర్చుండి తినుటకు ఇంతకంటె సహజమైన సందర్భము మన పల్లెలలో అరుదు.

అక్షరాభ్యాసము విషయమున మాత్రము కొంత మెలకువ కావలెను. పళ్ళెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దించుట మన కెంత ప్రియమో, నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినముల వయస్సున బిస్మిల్లా జరుపుట హైదరాబాదు ముసల్మాను కుటుంబములకు అంత ప్రియము. ఒక్క ఆచారమునే అందరికిని అంటగట్టిన పక్షమున కొందరు పసివారు తమ బడిలోనే అతిథులగుదురు. ఇటుక బట్టీలకై వలస వచ్చిన కుటుంబపు బిడ్డకు తాత యుండడు, అవ్వ యుండదు. వాని చేయి పట్టుటకు పెద్దలెవరో ముందుగనే చూచి పెట్టుట టీచరుతోపాటు ఊరి బాధ్యత.

ఇన్ని పనుల మధ్య వేడుక యనిన టీచరుకు బరువగుచున్నచో, అందులకు కారణము ఫోటోలే. ఫ్లెక్సీ కట్టుట, అధికారిని పిలుచుట, చిత్రములు తీసి ఫోనులో ఎక్కించుట యను మూడింటితో వేడుక ముగిసినట్లే లెక్క కుదిరిపోవుచున్నది. పూలకును పండ్లకును చేతిసొమ్ము పెట్టుకొను టీచరు గోడు ఆ చిత్రములలో కానరాదు. ఆ ఖర్చును ప్రభుత్వము ముందుగనే ఈయవలెను. ఊరివారు చందా అడుగక, ఇంటికొక పనిని పంచుకొనవలెను. పర్యవేక్షణకు వచ్చు అధికారులు ఎన్ని ఫోటోలు ఎక్కినవని అడుగుట మాని, ఏ ఇంటివారు రాలేదు, ఏల రాలేదు అని అడుగుట నేర్చినచో, ఈ పండుగలు నిజముగా ఊరి పండుగలగును.