భయానికి యంత్రవైద్యం – తోడు లేనిదే తగదు

మూడేళ్ల క్రితం పదిహేడేళ్ల కుర్రవాడిని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకువచ్చారు. కడుపులో మంట, నిద్రలేమి. నాడి చూచి పిత్తశమనానికి ఔషధమిచ్చాను. మూడు వారాలైనా గుణం కనిపించలేదు. పెద్దలను బయట కూర్చోబెట్టి అడిగిన మీదట అసలు సంగతి బయటపడింది. రెండేళ్ల కిందట మోటారు సైకిలు ప్రమాదంలో, వెనుక కూర్చున్న అతని మిత్రుడు మరణించాడు. నాటినుండి ఆ దారిన పోలేదు. పీడకలలకు జడిసి గుట్కాను ఆశ్రయించాడు. నేను కడుపుకు వైద్యం చేశాను. వ్యాధి స్మృతిలో ఉన్నది.

మనోగాయం దురలవాట్లకు దారితీయడం అరుదు కాదు. 1998లో అమెరికాలోని శాన్ డియాగోలో 9,508 మంది పెద్దలను విచారించిన అధ్యయనమొకటి వెలువడింది. బాల్యంలో దౌర్జన్యం, ఇంటి కలతలు వంటి నాలుగు లేక అంతకు మించిన రకాల బాధలకు గురైనవారిలో ధూమపానం 2 నుండి 4 రెట్లు, మద్యవ్యసనం, ఆత్మహత్యాయత్నం వంటివి 4 నుండి 12 రెట్లు అధికమని అది తేల్చింది.

ఇట్టివారికి నేడు ‘వర్చువల్ రియాలిటీ’ అనే సాధనాన్ని వాడిచూస్తున్నారు. కళ్లకు తగిలించుకుంటే చుట్టూ కృత్రిమ దృశ్యం నిజమై తోస్తుంది. 1997లో అట్లాంటాలో వియత్నాం యుద్ధ సైనికులకు హెలికాప్టరును, అడవిని ఈ విధంగానే చూపి చికిత్స ఆరంభించారు. అయితే పెద్దలలో జరిగినంత పరిశోధన పిల్లలలో ఇంకా జరుగలేదు.

మరువదగిన దానిని మరల చూపడం హింస కాదా అని సాటి వైద్యులు కొందరు ఆక్షేపిస్తారు. నేను ఏకీభవించను. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుంది. అహితమైన అలవాటును ఒక్కసారిగా గాక పాదం పాదంగా విడిపించమని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం బోధిస్తున్నది. భయాన్ని విడిపించడానికీ ఆ క్రమమే తగును.

మా కుర్రవాడిని మానసిక వైద్యుని వద్దకు పంపాను. ఆయన సూచన మేరకు తండ్రి అతనిని మొదట వీధి మలుపు వరకు, పిదప వంతెన వరకు, చివరకు ఆ చోటికే నడిపించుకుపోయాడు. గుట్కానూ అదే క్రమంలో తగ్గించాము. ఆరు నెలలు పట్టింది. యంత్రం అవసరం కాలేదు. దారి అక్కడే ఉన్నది గనుక. యుద్ధరంగం, కాలిపోయిన ఇల్లు వంటి మరల చేరలేని చోట్లకు మాత్రం యంత్రం దారి కాగలదు. తండ్రి చేయి, వైద్యుని మాట మాత్రం కాలేదు.

కనుక పాఠకులకు నా మనవి. అంగడిలో దొరికే ఆట పరికరాన్ని కొని తెచ్చి పిల్లవానికి మీరే భయాలు చూపవద్దు. మానసిక వైద్యుడు సూచిస్తే, ఆయన సమక్షంలో జరిగే చికిత్సను విదేశీయమని తోసిపుచ్చవద్దు. ఇంట వేళకు భోజనం, రాత్రివేళ అరికాళ్లకు నువ్వులనూనె మర్దన నిద్రకు తోడ్పడతాయి; స్మృతిని మాత్రం మాన్పలేవు. బిడ్డ చెప్పదలచిన నాడు నిందించక వినండి. ఆ ప్రశ్న నేను మూడు వారాలు ఆలస్యంగా అడిగాను. మీరు ఆలస్యం చేయకండి.