గోడ ఉన్నోడికి క్లబ్బు, గోడ లేనోడికి కేసు

పోయిన వానాకాలం. పనుల్లేని రోజు. మా పల్లె చింతచెట్టు కింద ఆరుగురు పేకాడుతున్నారు. జీపు వచ్చింది. పేకముక్కలు, మూడొందల నలభై రూపాయలు, ఆరుగురు మనుషులు, అన్నిటినీ ఎక్కించుకుపోయారు. అందులో ఒకడు నా దగ్గర చదువుకున్న పిల్లాడు. కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. "ఒప్పేసుకో, ఫైను కట్టెయ్, ఇంటికి పో" అన్నారు. ఒప్పుకున్నాడు, కట్టాడు. రేపు ఉద్యోగమొస్తే "నీమీద కేసులున్నాయా, శిక్ష పడిందా" అని ఫారంలో అడుగుతారు. ఏం రాయాలి వాడు?

అదే రాత్రి టౌను క్లబ్బులో తెల్లవార్లూ లైట్లు వెలిగాయి. అక్కడా పేకే. జీపు అటు పోలేదు. ఏమయ్యా అంటే, "అది క్లబ్బండీ మాస్టారూ, జూదగృహం కాదు" అన్నారు.

అయితే జూదగృహం అంటే ఏమిటి? చట్టమే తీసి చూద్దాం. 1974 గేమింగ్ చట్టం ప్రకారం ఇల్లు, గది, గుడారం, బండి, ఏ చోటైనా సరే, జూదం సామాను పెట్టి ఆడిస్తూ ఆ చోటు నడిపేవాడు లాభం తీస్తుంటే అది జూదగృహం. 1867లో తెల్లదొరలు చేసిన చట్టంలోనూ కీలకం ఇదే. లాభం ఎవడిది? మంచి ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న గోడల లోపలే. వీధిలో, పదిమంది తిరిగే చోట పందెం వేసి ఆడితే చాలు, నేరమే. లాభం ఎవడిదని అడిగే పనే లేదు.

అన్నలారా, అక్కలారా! సెంటో సెంటున్నరో జాగాలో కట్టిన మన కొంపలో నలుగురు కూర్చునే గది ఎక్కడుంది? మన గది చెట్టు కిందే. గోడ లేకపోవడమే మన నేరం.

గోడ ఉంటే ఏమవుతుందో చూడండి. సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నారు, డబ్బు పెట్టే ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట, ఆటకింత అని క్లబ్బు కొంత వసూలు చేసినంత మాత్రాన జూదగృహం కాదని 1967లో కోర్టు చెప్పింది. అదే రమ్మీ చింతచెట్టు కిందకొస్తే ఆ నేర్పు ఎటు పోతుంది?

ఇంకా వినండి. జూదమంటే ఏమిటో చెబుతూ 1974 చట్టం మట్కాని పేరు పెట్టి మరీ రాసింది. ఆ వాక్యంలోనే గుర్రప్పందేలను వదిలేసింది. పందెం జరిగే రోజున, ప్రభుత్వం ఒప్పుకున్న ఆవరణలో, లైసెన్సున్నవాడి దగ్గర కాస్తే జూదం కాదట! 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం కూడా నేర్పే అంది. రిక్షావాడి నంబరు జూదం, మలక్‌పేట గుర్రం నేర్పు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో షామియానాలు వేసి, బరులు గీసి, పక్కన గుండాట పెట్టి లక్షలు తిప్పుతారు. ఆ గుడారం చట్టంలో ఉంది. జీపుకే కనపడదు.

చట్టం మార్చడం చేతకాక కాదు. సెల్‌ఫోను ఆటల్ని పట్టుకోవడానికి 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ సవరణలు చేశాయి. గోడల్లేని ఫోనుకే జూదగృహమని పేరు పెట్టగలిగారు!

నేను పేకను వెనకేసుకు రావడం లేదు. పేక మన పల్లెల్ని తినేస్తోంది. పొద్దంతా నాట్లేసిన ఆడమనిషి కూలి, సాయంత్రానికి చెట్టు కింద పోతోంది. ఆ తల్లుల ముఖం చూసైనా ముక్కలు కింద పడెయ్యండి. కానీ మనల్ని మనం దిద్దుకోవడం వేరు, మనకొక చట్టం దొరకొక చట్టం వేరు.

ఆ 1967 తీర్పులోనే ఇంకో మాట ఉంది. నడిపేవాడు ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే కేసు పెట్టొచ్చని. మన డిమాండు అదే. క్లబ్బు లెక్కల పుస్తకం తెరవండి. బరి వేలం పాడినవాణ్ణి పట్టుకోండి. లాభం తీసేవాడి తర్వాతే కూలోడు.

సంఘం పిల్లలు ఇది పల్లెపల్లెలో చెప్పండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. "ఒప్పేసుకో పోతుంది" అంటే నమ్మొద్దు. ఫైను కట్టినా అది శిక్షే. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. కోర్టులో ఉండే న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి. నా శిష్యుడికీ ఇదే చెప్పాను. ఫారంలో దాచొద్దు, దాస్తే అది ఇంకో తప్పవుతుంది. ఉన్నది రాయి, వకీలుతో రా, నీ వెనక మేమున్నాం.

జై భీమ్!