పనిగంటల లెక్క ఎవరి కోసం?

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలన్నది సెబీ నిబంధన. కర్బన ఉద్గారాలు, నీటి వాడకంతో పాటు ఉద్యోగుల వలసల రేటు, పనిచోట ప్రమాదాలు, ప్రసూతి సెలవు తర్వాత తిరిగి చేరినవారి శాతం కూడా అందులో చెప్పాలి. మంచిదే. కానీ ఇవన్నీ జరిగిపోయాక రాసే లెక్కలు. గేటు దగ్గర కార్డు గీకిన వేళలు, లాగిన్ సమయాలు, షిఫ్టుల పట్టిక, వాడుకోక మురిగిపోయిన సెలవులు, రాత్రి క్యాబ్ బుకింగులు... ఓ మోస్తరు ఐటీ సంస్థలో ఈ డేటా రోజూ పోగుపడుతూనే ఉంటుంది. కలిపి చూస్తే ఏ టీమ్ నెలల తరబడి ఊపిరి సలపకుండా పనిచేస్తోందో రాజీనామాలు రాకముందే తెలుస్తుంది. హెచ్ఆర్ విభాగానికి బిగ్ డేటాతో అసలు అవసరం ఇదే.

ఇది మానవత్వం పేరుతో అడిగే రాయితీ కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల 2016లో గుండెజబ్బులు, పక్షవాతంతో 7,45,000 మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా కట్టాయి. అయినా అదే డేటాతో చాలాచోట్ల జరుగుతున్నది కాపలా. మౌస్ కదలికలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కొన్నవారికి చివరికి మిగిలేది మౌస్ కదిపే ఉద్యోగులే!

మరి గోప్యత మాటేమిటి? ఈ భయం ఉత్తది కాదు. న్యూరెంబర్గ్ సర్వీస్ సెంటర్‌లో సిబ్బంది జబ్బులు, ఇంటి గొడవలు సైతం రాసిపెట్టుకున్నందుకు హెచ్ అండ్ ఎం సంస్థకు 2020లో జర్మనీలో 3.5 కోట్ల యూరోలకు పైగా జరిమానా పడింది. మన 2023 డేటా రక్షణ చట్టమేమో ఉద్యోగ అవసరాల పేరిట కొంత సమాచారాన్ని సమ్మతి లేకుండానే వాడుకోనిస్తోంది. కాబట్టి విశ్లేషణ టీమ్ స్థాయి దాటి పేర్ల దాకా పోకూడదు, అప్రైజల్ ఫైలులోకి అసలే రాకూడదు. మనిషికన్నా యంత్రం నిష్పాక్షికం కదా అనేవారికి అమెజాన్ అనుభవం చాలు. పదేళ్ల పాత దరఖాస్తులతో శిక్షణ ఇచ్చిన నియామక ప్రోగ్రాం మహిళల రెజ్యూమెలకు మార్కులు తగ్గించిందని, దాన్ని మూలన పడేశారని 2018లో బయటపడింది. పాత దరఖాస్తుల్లో ఎక్కువ భాగం మగవారివే మరి. చిన్న కంపెనీలకు ఖర్చు భారమన్న వాదన మాత్రం నిలవదు, వాటికి ఎక్సెల్ షీటు సరిపోతుంది.

సుస్థిరత నివేదికలో ప్రమాదాల రేటును పది లక్షల పనిగంటలకు ఇన్ని అని చెప్పాలి కనుక మొత్తం గంటల లెక్క కంపెనీలు ఎలాగూ తీయాల్సిందే. వారానికి 55 గంటలు దాటినవారి శాతాన్నీ సెబీ ఆ పట్టికలోనే అడగాలి. గంటలు తగ్గించి రాసేవారు ఉంటారు, నిజమే. గేటు కార్డు రికార్డులతో సరిచూసే పని ఆడిటరుకు అప్పగించాలి.